కోర్పివారా అడవుల్లో సీసం లేదు

"కోర్పివారా అడవుల్లో తిరిగే ఏ దుప్పి ఒంట్లోనూ సీసం లేదనీ, ఇకముందు ఉండబోదనీ, ఉందని ఎవరికైనా అనుమానం కలిగితే అది రాజధాని నుంచి వచ్చిన అనుమానమే తప్ప మన ఊళ్లో పుట్టింది కాదనీ ఈ సభలో ఏకగ్రీవంగా తీర్మానించడమైనది!"

ఈ వాక్యం నాదే. నా పేరు ఆర్వి హెయికురా. కోర్పివారా వేటగాళ్ల సంఘానికి ఇరవై రెండేళ్లుగా కార్యదర్శిని. సభల మినిట్స్ రాసి రాసి నా చెయ్యి ఎంత తిరిగిపోయిందంటే, మా ఆవిడతో పోట్లాట కూడా "తీర్మానించడమైనది" అంటేనే ముగిసినట్టు అనిపిస్తుంది. ఆవిడకు అలా అనిపించదు.

సంగతేమిటంటే, అక్టోబరులో వేట మొదలయ్యే ముందు రాజధాని నుంచి ఒక కాగితం వచ్చింది. సీసపు తూటా ఎముకకు తగిలితే చిట్లిపోయి, కంటికి కనబడని నలుసులై జానెడు దూరం మాంసంలోకి పాకుతుందట. గాయం చుట్టూ ధారాళంగా కోసి పారేయాలట. పసిపిల్లలు, గర్భిణులు అలాంటి మాంసం జోలికి పోకూడదట. రాగి తూటాలు వాడితే ఈ గొడవే ఉండదట.

మా ఛైర్మన్ ఒస్మో టోలొనెన్ ఆ కాగితాన్ని సభలో రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తాడు.

"ఎవడయ్యా ఇది రాసింది? వాడు దుప్పిని ఎప్పుడైనా చూశాడా? మా తాత సీసం తిన్నాడు. మా నాన్న సీసం తిన్నాడు. యాభై ఏళ్లుగా నేనూ తింటున్నాను. నాకేమైనా అయిందా?"

ఆ సాయంత్రం ఆయన ఆ ప్రశ్న వెయ్యడం అది మూడోసారి. మొదటి రెండుసార్లు వేసిన సంగతి ఆయనకు గుర్తు లేదు.

"జానెడు చొప్పున కోసి పారేస్తే ఇక దుప్పి విందులో ఏం పెడతాం? బంగాళాదుంపలా?" అన్నాడు. ఇది మాత్రం ఆలోచించాల్సిన మాటే. మా ఊళ్లో వేట ముగిశాక భూములవాళ్లందరినీ పిలిచి సూప్ పోస్తాం. వాళ్ల భూముల్లోనే కదా మేం వేటాడేది! తొడలు, వెన్ను మాంసం సభ్యుల వాటా. తూటా దిగిన భుజాలు, మెడలు అతిథుల కుండలోకి. అతిథి మర్యాదలో మమ్మల్ని మించినవాళ్లు చుట్టుపక్కల లేరు.

సభ్యుల వాటా పంచడంలోనూ మాకో పద్ధతి ఉంది. కొట్టంలో బల్ల మీద మాంసం కుప్పలు పోస్తాం. నేను బల్లకు వీపు పెట్టి గోడకేసి నిలబడతాను. ఛైర్మన్ ఒక్కో కుప్ప మీద కర్ర పెట్టి "ఇదెవరికి?" అంటాడు. నేను నోటికొచ్చిన పేరు చెబుతాను. నాకు కనబడదు కనుక అన్యాయం జరగదు. చూడకుండా ఉండటమే ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం.

ఆ ఏడు ఒక్కటి మాత్రం చూశాను. ఛైర్మన్‌కు యెప్పె అని ఒక వేటకుక్క ఉంది. మూడు పోటీల్లో మొదటి బహుమతి కొట్టింది. ఏటా కొట్టంలో మేం మాంసం కోస్తుంటే కింద కూర్చుని గాయాల దగ్గరి ముక్కలన్నీ అదే తినేది. ఆ ఏడు దాన్ని కొట్టానికి నలభై అడుగుల దూరంలో బర్చ్ చెట్టుకు కట్టేశాడు. అది ఒకటే ఏడుపు.

"పాపం, ఒక ముక్క పడెయ్యనా ఛైర్మన్ గారూ?" అన్నాను.

"వద్దు వద్దు! క్రమశిక్షణ ఆర్వీ, క్రమశిక్షణ!" అన్నాడు.

కుక్కకు కూడా క్రమశిక్షణ నేర్పిస్తున్నాడని మెచ్చుకుని ఊరుకున్నాను.

విందుకు మూడు రోజుల ముందు మా అక్క కూతురు హెల్కా మా ఇంటికొచ్చింది. ఊరూరా తిరిగే గ్రంథాలయం బస్సు తనే నడుపుతుంది. నాన్నవైపు తాత పోయాక ఉత్తరాన నీళ్లు నిలిచే పెద్ద బాడవ నేల తన పేరున పడింది. దుప్పులన్నీ దాటేది అక్కడే. అది చేజారితే మాకు వేట అనుమతి రావడానికి చాలినంత నేలే ఉండదు, సంఘం మూత పడుతుంది. వేట కౌలు కాగితం మీద విందులో సంతకం పెట్టడం ఆనవాయితీ. ముందు పెద్ద భూమి యజమాని అందరి ఎదుటా మొదటి గిన్నె సూప్ తాగాలి. ఆ తర్వాత సంతకం.

హెల్కాకు ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు.

కుర్చీలో కూర్చుని, కాఫీ వద్దని చెయ్యూపి, సూటిగా అడిగింది.

"మామయ్యా, ఆ సూప్‌లో సీసం ఉందా?"

"తీర్మానం ప్రకారం లేదమ్మా."

"తీర్మానం ప్రకారం కాదు, గిన్నె ప్రకారం చెప్పు."

నేను కాఫీ పోసుకున్నాను. ఇంకో కప్పు పోసుకున్నాను.

"తాగకపోతే ఊరంతా ఏమంటారో నీకు తెలుసు కదా. తాత నేల కావాలి గానీ తాత సూప్ వద్దంది, బస్సెక్కి పట్నం మనిషి అయిపోయింది అంటారు. అంటే అననీలే. కానీ ఊరికే భయపడి మాట పడటం నాకిష్టం లేదు. ఏ ముక్క ఎక్కడిదో నీకు తెలుసు. నువ్వు తాగమంటే తాగుతాను, వద్దంటే మానేస్తాను. ఒక్క మాట చెప్పు మామయ్యా, చాలు."

"ఆదివారం చెబుతాలే," అన్నాను.

లేచి వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. తీర్మానం కింద సంతకం నాది. తాగొద్దంటే ఇరవై రెండేళ్ల మినిట్స్ పుస్తకాలు నా మొహం మీద పడతాయి. తాగమంటే ఆ పిల్ల వచ్చే నాలుగు నెలలూ దేవుడి మీద భారం వేసి బతకాలి. మూడు రోజులు అన్నం సయించలేదని చెప్పను గానీ, సాయంత్రం ఆవిరి స్నానానికి కూర్చున్నా ఒళ్లు వెచ్చబడలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి ఊరి హాలంతా నిండిపోయింది. రెండు వందల మంది, రెండు వందల చెంచాలు, బల్లల మీద రై ధాన్యపు రొట్టె, వెన్న. మూడు కుండల్లో సూప్ పొగలు కక్కుతోంది. వేదిక మీద ఛైర్మన్, ఆయన కాళ్ల దగ్గర మెడకు నీలం రిబ్బను కట్టుకుని యెప్పె. ఆ ఏటి మేటి కుక్క కప్పు దానికే. ఎంపిక సంఘం అధ్యక్షుడు కూడా ఒస్మో గారే కాబట్టి ఫలితంలో ఆలస్యం జరగలేదు.

ఆయన మైకు అందుకున్నాడు. చేతికొచ్చిన మైకును ఆయన అది వేడెక్కేదాకా వదలడు.

"సోదరులారా! కొందరు పెద్దమనుషులు మన సూప్‌ను అనుమానించారు! వాళ్లకు మన జవాబు ఇదీ!" అని తీర్మానం చదవడం మొదలుపెట్టాడు. "కోర్పివారా అడవుల్లో తిరిగే ఏ దుప్పి ఒంట్లోనూ..."

మొదటి గిన్నె తీసుకెళ్లి ఇవ్వడం కార్యదర్శి విధి. రెండు చేతులా పట్టుకుని నడిచాను. మొదటి వరసలో హెల్కా కూర్చుని ఉంది. గిన్నెకేసి చూడటం లేదు. నాకేసి చూస్తోంది. రెండు వందల మంది ఆ పిల్లకేసి చూస్తున్నారు. "తాగకు" అనే మూడక్షరాలు నా గొంతులోకి వచ్చాయి, కూర్చున్నాయి, లేవలేదు.

నా మోచేయి కుర్చీకి తగిలి గిన్నె కింద పడినట్టు మినిట్స్‌లో ఉంది. మినిట్స్ రాసేది నేనే.

సూప్ నేలంతా పారింది. ముక్కలు దొర్లాయి. రెండు నెలలుగా క్రమశిక్షణలో మాడిపోయిన యెప్పె వేదిక మీంచి ఒక్క దూకు దూకింది!

"యెప్పే! వద్దు! వదులు!" మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "పట్టుకోండయ్యా దాన్ని! అందులో సీసం ఉంది! ఒక్క ముక్క కూడా పెట్టొద్దని పశువుల డాక్టరు చెప్పాడు! నరాలు పోతాయట!"

హాల్లో నాలుగు స్పీకర్లు. నాలుగూ ఆ మాటను చక్కగా వినిపించాయి.

ముందు ఒక చెంచా బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఇంకోటి. తర్వాత లెక్కపెట్టడం మానేశాను. ఎవరో కుక్కను రిబ్బను పట్టుకుని వెనక్కి లాగారు.

హెల్కా లేచి నిలబడింది. "మీ కుక్కకు డాక్టరు చెప్పాడు ఛైర్మన్ గారూ. నాకు మీరు చెప్పొచ్చు కదా?"

"అమ్మాయీ... అదీ... కుక్కల సంగతి వేరు," అన్నాడు ఛైర్మన్. "అది మేలుజాతిది!"

వెనక వరసలో ఒక ముసలావిడ పకపకా నవ్వింది. దాంతో హాలంతా నవ్వింది. ఛైర్మన్ మైకు ఆపడానికి మీట వెతుక్కున్నాడు, దొరకలేదు.

హెల్కా సంచిలోంచి కౌలు కాగితం తీసి అడుగున తన చేత్తో మూడు ముక్కలు రాసింది. ఇకనుంచి నా నేల మీద రాగి తూటాలే. గాయం దగ్గరి మాంసం కుండలోకి రాకూడదు. విందులో మొదటి గిన్నె యెప్పెకు, అది తాగాకే మేం. సంతకం పెట్టి ఛైర్మన్ ముందుకు తోసింది. బాడవ నేల లేకపోతే ఛైర్మన్ పదవీ లేదు కనుక ఆయనా పెట్టాడు.

వెళ్తూ వెళ్తూ నా పక్కన ఆగింది. రొట్టె ముక్కకు వెన్న రాసుకుని తింటోంది.

"మోచేయి ఎలా ఉంది మామయ్యా?"

"నొప్పిగా ఉందమ్మా."

"ఉండనీ," అని నా భుజం తట్టి వెళ్లింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్క మాట అనడానికి నాకో గిన్నె, ఒక కుక్క, నాలుగు స్పీకర్లు కావలసి వచ్చాయి!

కథ ఇక్కడితో ఆగితే సంఘానికి మర్యాదగా ఉండేది. కానీ వచ్చే విందు కోసమని దాచిన గాయం మాంసం ఇంకా సంఘం ఫ్రీజర్లో ఉంది. ముప్ఫై కిలోలు. పారేద్దామన్నాం. ఛైర్మన్ ఒప్పుకోలేదు. "పారేస్తే అందులో సీసం ఉందని ఒప్పుకున్నట్టే. తీర్మానం రద్దు చెయ్యాలి. చేస్తే రాజధాని గెలిచినట్టే. నా కంఠంలో ప్రాణముండగా జరగదు!"

సంఘం ఆస్తి పారేయడానికి వీల్లేకపోతే పంచాలి. తర్వాతి ఆదివారం కొట్టంలో పదిహేను మంది సభ్యులకు పదిహేను కుప్పలు పోశారు. పద్నాలుగు ఆ ఏటి చివరి దుప్పి మాంసం. మిగిలిన ఒక్కటీ ఆ ముప్ఫై కిలోలు.

నేను బల్లకు వీపు పెట్టి గోడకేసి నిలబడ్డాను. కర్ర కదులుతున్న చప్పుడు. "ఇదెవరికి?" ఒక పేరు చెప్పాను. "ఇదెవరికి?" ఇంకో పేరు. అలా ఆరయ్యాయి. ఏడోసారి కర్ర బల్ల మీద ఆగింది గానీ మాట రాలేదు. ఎవరో దగ్గారు.

"ఇది... ఇదెవరికి, ఆర్వీ?"

ఇరవై రెండేళ్లలో ఆయన గొంతు వణకడం నేను వినలేదు. చూడకూడదని నియమం ఉంది గానీ, వినకూడదని ఎక్కడా లేదు.

"ఛైర్మన్ గారికి," అన్నాను.

నేను వెనక్కి తిరిగేసరికి ఆయన ఆ కుప్పకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. పాపం, వద్దనలేడు! ఎలా అంటాడు? అందులో సీసం లేదు. తీర్మానం ఇంకా అమల్లోనే ఉంది.