బాలస్వామి పడవకు కరెంటు పని

నీళ్ళున్న చోట పడవలకు నియమాలు పెట్టడం ఏ ప్రభుత్వమైనా చేస్తుంది. నీళ్ళు లేని చోట పెట్టడానికే దూరదృష్టి కావాలి. అది పుష్కలంగా ఉండబట్టే అంతర్గత జలయాన క్రమబద్ధీకరణ సంస్థవారు, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే మన సీమ జిల్లాలకు కూడా సముద్రపు నిబంధనలను యథాతథంగా వర్తింపజేశారు. సర్క్యులర్ పద్నాలుగు (బి) ప్రకారం ప్రతి నౌకకూ దారి చూపే తెర, దిక్సూచి, లోతు కొలిచే మిషను, ఎడమకు ఎర్రదీపం, కుడికి పచ్చదీపం, రేడియో, చుట్టుపక్కల నౌకలను కనిపెట్టే పరికరం ఉండి తీరాలి. (జాలర్ల పుట్టీలను మినహాయించారు. గుండ్రంగా ఉన్నదానికి ఎడమ ఏదో కుడి ఏదో తేల్చడానికి వేసిన ఉపసంఘం ఇంకా కూర్చునే ఉంది.)

ఎర్రగుంట్ల అవతలి రిజర్వాయరులో పుట్టీలు పోగా మిగిలిన నౌకల సంఖ్య ఒకటి. అది కీర్తిశేషుడు బాలస్వామి ఒకప్పుడు శ్రీశైలం వెనకజలాల నుంచి లారీ మీద వేసుకొచ్చిన తెరచాప పడవ. ఇప్పుడది ఆయన కొడుకు హెన్రీది. దానికి ఏడాదికి ఒక్కరోజే పని. నవంబరు రెండు, సమాధుల పండుగ.

ఎందుకంటే హెన్రీవాళ్ళ పాత ఊరు ఆ రిజర్వాయరు అడుగున ఉంది. ఊరు మునిగేముందు సర్వేకు వచ్చినవాళ్ళ ఫారంలో ఇంటికి గడి ఉంది, చింతచెట్టుకు గడి ఉంది, ఈనిన బర్రెకు, ఈనబోయే బర్రెకు వేర్వేరు గడులున్నాయి. సమాధికి గడి లేదు. అందుచేత చర్చి వెనక దొడ్లో ఉన్నవాళ్ళు అక్కడే ఉండిపోయారు, హెన్రీ తల్లి విశ్వాసమ్మతో సహా. ఏటా ఆ రోజున హెన్రీ, భార్య ప్రసన్నకుమారి పడవలో వెళ్తారు. మునిగిన ఊరి నీళ్ళ ట్యాంకులో పైకి కనబడే నెత్తిని, వెనక కొండ గండిని ఒక వరసకు తెచ్చుకుని ఆగుతారు. కీర్తన పాడి, బంతిపూలు నీళ్ళలో వదిలి వస్తారు. దారి చూపే తెర లేకుండానే పదిహేడేళ్ళు విశ్వాసమ్మ వాళ్ళకు దొరుకుతూ వచ్చింది.

ఈసారి సెప్టెంబరులో సంస్థవారు పడవకు గొలుసు వేసి తాళం బిగించారు. మిషన్లు పెట్టి తనిఖీ చేయించుకుంటేనే తీస్తారట.

హెన్రీ నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా సిమెంటు లారీలకు వైరింగు చేస్తున్న మనిషి. ఎర్రగుంట్ల నుంచి ముద్దనూరు దాకా తనంతటి ఎలక్ట్రీషియన్ లేడని ఆయన నమ్మకం. (ముద్దనూరు అవతల విచారించలేదు.) పద్నాలుగు టైర్ల లారీకి దీపాలు పెట్టినవాడికి టైర్లే లేని పడవ ఒక లెక్కా?

సామాను తెప్పించాడు. లారీ బ్యాటరీ ఎక్కించగానే పడవ ఎడమకు ఒరిగింది. కుడివైపు బేతంచెర్ల బండ ఒకటి వేసి సరిచేశాడు. ఆరుగురు కూర్చునే పడవలో ఇద్దరికి చోటు మిగిలింది. తర్వాత మూడు రోజులు కష్టపడి ప్రతి మిషనుకూ ఒక్కొక్క వైరు లాగాడు. లారీలో అంతే. ఒక్క వైరు చాలు, రెండోది లారీ బాడీయే, ఇనుమంతా వైరే. చివరి రోజు రెండో కొస తగిలించడానికి పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

లారీ ఓనరు ఇమాం బాషా గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. "ఏమప్పా హెన్రీ, ఏం ఎతుకుతాండావు?"

"బాడీ యాడుండాదో చూస్తాండా."

"టేకు కదప్పా అది!"

పదిహేడేళ్ళుగా ఎక్కి దిగుతున్న పడవే అయినా ఆ విషయం ఆ నిమిషం దాకా హెన్రీకి తట్టలేదు. కానీ ఓడిపోయే రకం కాదు. నీళ్ళే ఎర్తు అనుకుని కొసలన్నీ ఒక ఇనపగొలుసుకు కట్టి, గొలుసును రిజర్వాయరులోకి వదిలాడు. ఏదీ వెలగలేదు. కనీసం ఒక చేప కూడా ఇబ్బంది పడినట్టు కనిపించలేదు. ఇమాం బాషా మర్యాదస్తుడు కాబట్టి నమాజు వేళైందని వెళ్ళిపోయాడు. హెన్రీ మరో మూడు రోజులు కూర్చుని అన్నిటికీ రెండో వైరు లాగి, దానికి 'డబుల్ ఎర్తు పద్ధతి' అని పేరు పెట్టి, అడిగినవాళ్ళకు అది తను కనిపెట్టిందేనని చెప్పాడు.

తనిఖీకి సహాయ నౌకాధికారి శివజ్యోతి వచ్చింది, పరీక్ష మేరకు తాళం తీయించింది. నెమ్మదైన మనిషి. ఆమెకు నీళ్ళంటే భయం. చెప్పకపోయినా లైఫ్ జాకెట్టు మీద లైఫ్ జాకెట్టు చూసి హెన్రీ గ్రహించాడు.

"ఈ దీపాలు ఎందుకండీ ఆరి వెలుగుతున్నాయి?"

"ఇండికేటర్లు కదా మేడం."

"పడవలో వెలిగే ఉండాలి. సరే, ఆ దిక్సూచి చూడండి, ఉత్తరం అటెలా అవుతుంది?"

దిక్సూచి పక్కనే హెన్రీ కీర్తనల కోసం పెద్ద స్పీకరు బిగించాడు. అందులోని అయస్కాంతం పుణ్యమా అని పడవ ఎటు తిరిగినా ఉత్తరం స్పీకరు వైపే ఉంది. ఒక విధంగా అది భక్తికి సంబంధించిన విషయమే, కానీ సర్క్యులర్‌లో లేదు. స్పీకరు విప్పేశాడు. తెరచాప కొయ్య మీద రేడియో ఏరియల్ ఉండడంతో చాప లేవడం లేదు. దానికి మాత్రం శివజ్యోతి అభ్యంతరం చెప్పలేదు. తెరచాప పడవకు ఉండవలసిన పరికరాల జాబితాలో తెరచాప లేదు.

"ఇక రేడియో. దీనికి రెండో నౌక కావాలి."

"రెండోది యాడుండాది మేడం, ఈ నీళ్ళన్నిట్లో?"

ఆమె కాగితాలు తిరగేసింది. "గట్టు మీది నుంచైనా మాట్లాడొచ్చు. కాకపోతే మాట్లాడేది నౌకగా నమోదై ఉండాలి."

ఆ విధంగా ప్రసన్నకుమారి సంస్థవారి యాప్‌లో నౌక అయింది. పొడవు అయిదడుగుల రెండంగుళాలు. తయారైన ఊరు జమ్మలమడుగు. తయారైన సంవత్సరం దగ్గర ఆమె ఫోను లాక్కుని తనే నాలుగేళ్ళు తగ్గించి వేసుకుంది.

"బరువు గూడా అడుగుతాండాది" అన్నాడు హెన్రీ.

"రాసినావంటే బాగుండదు, చెప్తాండా."

పరీక్ష సజావుగా జరిగింది. హెన్రీ గట్టు వైపు వస్తుంటే మాత్రం రెండు నౌకలు ఢీకొనే ప్రమాదముందని పరికరం ఊళ మొదలుపెట్టింది. ఆ ప్రమాదం ఇరవై ఎనిమిదేళ్ళ కిందే జరిగిపోయిందని హెన్రీ అనుకున్నాడు గానీ పైకి అనలేదు.

చివరిది లోతు మిషను. శివజ్యోతి గట్టున ఉండిపోయి, మొగుడూ పెళ్ళాలనే పంపింది. తెడ్లు వేసుకుంటూ హెన్రీ అలవాటుగా అటే పోయాడు. ట్యాంకు నెత్తి, కొండ గండి వరసకు వచ్చాయి. ఆపాడు. నల్లని తెర మీద అడుగునేల పచ్చగా గీసుకుంటూ వచ్చింది. చదును, చదును, తర్వాత ఒక ఎత్తైన గుబ్బ.

"పాస్టరయ్యది" అంది ప్రసన్నకుమారి మెల్లగా. "ఆయనదే అంత ఎత్తు."

తర్వాత చిన్న గుబ్బలు. ఒకటి, రెండు. మూడోది విశ్వాసమ్మది. పక్కన ఖాళీ. ఆ ఖాళీ బాలస్వామి తనకోసం ఉంచుకున్నది. ఆయన పోయేసరికి అక్కడ నీళ్ళున్నాయి.

పదిహేడేళ్ళుగా హెన్రీ ఉత్త నీళ్ళను చూసి దండం పెట్టుకుంటున్నాడు. ఇప్పుడు అమ్మ కనబడింది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. తన వైరింగు మీద, తన మీద, చివరికి సర్క్యులర్ మీద కూడా ఆయనకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

"గుర్తు పెట్టబ్బా," అంది ఆమె, "నీళ్ళ ట్యాంకు కూలిపోయినా కనబడల్ల గదా."

హెన్రీ మిషను మీది మీట నొక్కాడు. పేరు అడిగింది. 'అమ్మ' అని కొట్టాడు. పూర్తి పేరు కావాలంది. పూర్తి పేరు, తన పేరు, సంబంధం, అన్నీ పొందికగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా నింపాడు. అడుగున 'సంస్థకు పంపు' అని ఉంటే అదీ నొక్కాడు.

గట్టుకు వచ్చేసరికి శివజ్యోతి మొహం వాడిపోయి ఉంది. ఫోను ఆయన వైపు తిప్పింది.

"మీకు సర్టిఫికెట్ వచ్చిందండీ. రిజర్వాయరు మొత్తానికి. ఒక్క చోటు తప్ప. నీళ్ళ కింద కట్టడం ఉన్నట్టు మీ మిషనే నమోదు చేసింది కదా, అది తీసేదాకా దాని చుట్టూ రెండొందల మీటర్ల లోపలికి నౌకలు పోకూడదు."

"ఇన్నేండ్లు పోతాంటిమి గదా మేడం!"

"ఇన్నేళ్ళు అది ఉన్నట్టు మాకు తెలీదు." ఆమె గొంతు తగ్గింది. "నేను చెరపడానికి చూశానండీ. చెరిపే అధికారం నాకివ్వలేదు."

ప్రసన్నకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హెన్రీ ఫోను తీసుకుని చదివాడు. మిషన్లన్నీ ఆయన పుణ్యాన బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. ఒక్క వివరం కూడా చెదరకుండా చేరింది. అడ్డంకి పేరు: విశ్వాసమ్మ. స్వభావం: స్థిరం. తొలగించవలసిన బాధ్యుడు: కుమారుడు. గడువు: నవంబరు ఒకటి.

కింద చిన్న అక్షరాల్లో ఒక సౌకర్యం కూడా కల్పించారు. గడువులోగా తొలగించినచో, నవంబరు రెండవ తేదీన సదరు కుమారుడు ఆ స్థలానికి నిరభ్యంతరంగా వెళ్ళవచ్చును.