తాసిల్దారుకు నెయ్యి

మందమర్రి బొగ్గుబాయిలో హాజరు గుమాస్తా మొండయ్యకు పేరుకు తగ్గ మొండితనం ఉండేది. ఆ ఏడు ఉగాదికి కోళ్ల దొంగలు ఎక్కువయ్యారని కళ్లు తెరిచి నెల దాటని కుక్కపిల్లను తెచ్చాడు. దొంగలు పేరు వింటేనే జడుసుకోవాలని దానికి తాసిల్దార్ అని పేరు పెట్టాడు. దసరా నాటికి అది పులంత కావాలని ఆయన ఆశ. అందుకు ఆయన కనిపెట్టిన దగ్గరి దారి నెయ్యి.

"కుక్క కడుపుల నెయ్యి ఇమడదంటరు. పెద్దోళ్లు ఊకెనే అన్నరా?" అంది భార్య శంకరవ్వ.

ఆ పెద్దలెవరూ కుక్కకు నెయ్యి పెట్టి చూసి ఉండరని మొండయ్య వాదించాడు. కుక్కదాకా వచ్చేంత నెయ్యి ఎవరింట్లో మిగిలింది గనక? ఆమె నీళ్లకు వెళ్లినప్పుడల్లా ఉట్టి మీది గిన్నె దించి, గరిటెడు కరిగించి పిల్లకు తాగించాడు.

నాలుగు రోజులు తాసిల్దార్ మూతి నాక్కుంటూ ఆయన వెంటే తిరిగింది. ఐదో రోజు వాకిలి, అరుగు, మొండయ్య చెప్పులు, దేన్నీ వదలకుండా పాడుచేసి మూలకు ఒరిగింది. తోక కూడా కదపలేదు. శంకరవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుంది. ఆమె తిట్టకపోయేసరికి మొండయ్యకు నిజంగా భయం పట్టుకుంది.

పిల్లను గొంగడిలో చుట్టుకొని బస్సు దగ్గరికి ఉరికాడు.

"తాసిల్దారు పానం మీదికొచ్చింది. జల్ది లక్సెట్టిపేట చేరాలె."

అక్కడి కచేరీలో ఉండే తాసిల్దారుకే మందు తీసుకుపోతున్నాడనుకొని డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తీయలేదు. దారిలో చెయ్యెత్తిన వాళ్లెవరికీ ఆపలేదు. తీరా లక్సెట్టిపేటలో గొంగడిలోంచి రెండు చెవులు బయటికి వచ్చాయి. మొండయ్య దిగి పరుగు తీశాడు, సగం దవాఖాన కోసం, సగం కండక్టరుకు దొరక్కుండా.

పశువుల డాక్టర్ రామచంద్రం పిల్ల పొట్ట నొక్కి చూసి, ఏం పెట్టావని అడిగాడు. మొండయ్య దాచకుండా చెప్పాడు.

"కొవ్వును అరిగించే ఎంజైములని కడుపుల ఉంటయి. పసిదానికి వాటి బలం తల్లిపాలు అరిగేటంత మందమే. ఈడు పెరిగినకొద్ది అవి గూడ బలపడతయి. నువ్వేమో చంటిదానికి పెండ్లి భోజనం పెట్టినవ్," అన్నాడు డాక్టర్.

బతుకుతుందా అని మొండయ్య అడగలేక అడిగాడు. మందు పోసి, పలుచని గంజి పట్టిస్తే బతుకుతుందన్నాడాయన.

మూడో రోజు పిల్ల లేచి నిలబడింది. వారానికి కొత్త చెప్పు కొరికింది. ఆ చెప్పును మొండయ్య ఇరుగుపొరుగుకు బహుమతిలా చూపించుకున్నాడు.

ఆనాటి నుంచి దాని తిండి శంకరవ్వ చేతిలోకి పోయింది. దసరాకు తాసిల్దార్ మోకాలెత్తు దాటింది. కోళ్ల దొంగలు వేరే గల్లీ చూసుకున్నారు. ఇప్పుడైనా చెంచాడు నెయ్యి పెట్టి చూద్దామా అని మొండయ్య అన్నం ముందు కూర్చొని మెల్లగా మాట కదిపాడు. రెండు నెలల నుంచి కొంచెం కొంచెంగా పెడుతూనే ఉన్నానని, చక్కగా అరుగుతోందని చెప్పింది ఆమె.

మొండయ్య గెలిచినంత సంబరపడ్డాడు. పప్పన్నంలో మరో చెంచా వేయించుకొని, వాసన చూసి, ఇంత కమ్మటి నెయ్యి కుక్కకు పెట్టడానికి చెయ్యెట్లా వచ్చిందని అడిగాడు.

"నెయ్యి దానికే సరిపోతలేదయ్యా. నీకేసేది డాల్డా. రెండు నెల్లాయె."

మొండయ్య చేతిలోని ముద్దను మళ్లీ వాసన చూశాడు. తర్వాత తల వంచుకొని తిన్నాడు. కమ్మగానే ఉంది.