వాలినట్టు భావించిన ముళ్లు

ఒక పెద్ద అడవిలో 1973 జూన్ 14, గురువారం నాడు పొద్దున వడగాలి కొట్టింది, మధ్యాహ్నం మూడు చినుకులు రాలాయి, సాయంత్రానికి ఉక్కపోత మిగిలింది. వాన సంగతి ఎందుకంటారా? వాన గట్టిగా పట్టి ఉంటే ఆనాటి సభ జరిగేది కాదు, సభ జరగకపోతే ఈ గొడవే లేదు. కాలేజీలో మాస్టారు రెండేళ్లు తర్కశాస్త్రం చెబితే నాకు మిగిలింది ఈపాటి తెలివే.

సభకు ఫిర్యాదు తెచ్చినవాడు కంటకరావు అనే ముళ్లపంది. భార్య పేరిందేవి. పెళ్లయి నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. ఫిర్యాదల్లా ఏమిటంటే, తాను ముచ్చటపడి దగ్గరకు జరిగితే ఒక్కోసారి ఆమె ముళ్లు లేస్తున్నాయి.

ముళ్లపందుల పెళ్లిలో తాళి ఉండదు. అందరి ఎదుటా వధువు ముళ్లు వాలుస్తుంది. వరుడు అత్తగారితో "మీ ఇంటి పని నా పని" అంటాడు. అంతే, భోజనాలు. ఆ భోజనాల్లో దుంపలు తప్ప మరేమీ ఉండవు, అది వేరే సంగతి.

కంటకరావు తరఫున ముంగిస ప్లీడరు లేచాడు. పాములతో పోట్లాడి విసుగెత్తి ఈ వృత్తిలోకి వచ్చినవాడు. ఒకసారి అవునంటే ఎప్పటికీ అవుననే అర్థమనీ, పెళ్లినాడు వాల్చిన ముళ్లను మళ్లీ లేపడం చెల్లదనీ గంటసేపు వాదించాడు. అధ్యక్షుడు అడవిదున్న ఆ గంటా నెమరువేసి, చివరికి నువ్వేమంటావమ్మా అని పేరిందేవిని అడిగాడు.

"వాల్చిన మాట నిజమే బాబుగారూ. ఆ రోజు ఇష్టమై వాల్చాను. ఇష్టమైనప్పుడల్లా వాలుస్తూనే ఉన్నాను. ఒంట్లో బాగోనప్పుడు నేను లేపేదేముంది, అవే లేస్తాయి."

ఒంట్లో బాగోకపోవడం అర్జీలో లేని అంశమన్నాడు ప్లీడరు. సభ అవునంది. వెంటనే తీర్మానం అయింది: "ఒకసారి ఇచ్చిన సమ్మతి శాశ్వతమైనదిగాను, ఒకసారి వాలిన ముళ్లు ఎప్పటికీ వాలినట్టుగాను భావించవలెను. ధిక్కరించినవారు బొరియ ఖాళీ చేయవలెను."

వానలు ముంచుకొస్తున్నాయి. ఇద్దరు పసివాళ్లతో బొరియ వదిలి ఎక్కడికి పోవాలో పేరిందేవికి తెలియలేదు.

కంటకరావు తీర్మానం రాసిన ఆకు పట్టుకుని ఇంటికొచ్చి, గొంతు సవరించుకుని చదివాడు. పేరిందేవి ముళ్లు ఇంకాస్త లేచాయి.

"నాకు చదివారుగా. ఇక ముళ్లకు వినిపించండి. వాటికి చదువు రాదు," అంది.

అవి వాలినట్టే భావించి అతను ముందుకు జరిగాడు. మూడు ముళ్లు ముక్కులో దిగాయి. వాటిని పళ్లతో పీకింది కూడా పేరిందేవే, కదలొద్దని చెబుతూ.

మర్నాడే అత్తగారు దిగింది. తనకు కొత్త బొరియ తవ్వాలంది. పెళ్లిలో మాటవరసకు అన్నాను కదా అని కంటకరావు నసిగితే, ఆవిడ ఆ ఆకే తీసి చూపింది.

"ఒకసారి అన్నారుగా, అల్లుడుగారూ. ఇక తవ్వండి."

అక్కడ అధ్యక్షుడి గతీ అంతే. ఎన్నికలప్పుడు ఒక పూట వీపు మీద కూర్చోనిచ్చిన కాకులు సకుటుంబంగా వచ్చి కాపురం పెట్టాయి. ప్లీడరు ఎప్పుడో ఒక నాగుపామును మర్యాదకు ఎప్పుడైనా ఇంటికి రమ్మన్నాడట. అదీ వచ్చింది, బంధువులతో.

పదో రోజున తీర్మానం ఏకగ్రీవంగా రద్దయింది. రద్దు ప్రతిపాదన ప్లీడరుదే.

ఆ సాయంత్రం కంటకరావు అరిగిన గోళ్లతో వచ్చి పడ్డాడు. బొరియ ఎక్కడికీ పోదని తెలిసి మనసు కుదుటపడిన పేరిందేవి, ముళ్లు వాల్చి తనే దగ్గరకు వచ్చింది.

"ఇవాళ నావల్ల కాదు, పేరీ," అన్నాడు. అన్నాక ఉలిక్కిపడ్డాడు.

ఆమె అలగలేదు. ఎక్కడ నొప్పి అని అడిగి, గోళ్లు నాకింది. నాలుగేళ్లలో తానెప్పుడూ ఆ ప్రశ్న అడగలేదని అతనికి అప్పుడు తట్టింది. అడిగాడు.

"నడుం. రెండో కాన్పు నుంచీ."

కంటకరావు మెల్లగా, "వద్దంటే వద్దే. కానీ ఏమీ చెప్పకుండా అటు తిరిగి పడుకుంటే, అసలు నేనే వద్దేమోనని భయం," అన్నాడు.

"నోటితో చెబుతాను. మీరు చెవితో వినండి."

మర్నాటి నుంచి ఆముదపాకు వెచ్చచేసి నడుముకు కాపడం పెట్టడం అతని పనైంది. ముళ్లు లేచిన రోజులు ఆ తరవాతా ఉన్నాయి, వాలిన రోజులు మాత్రం పెరిగాయి.

వాళ్ల కాలం తీరాక బొరియ కూతురికి వచ్చింది. వాగు పక్కన దుంపల మడి కొడుక్కి వచ్చింది. ఆముదపు చెట్టు అల్లుడు అడిగి మరీ తీసుకున్నాడు. తీర్మానం ఆకు చెదలకు దక్కింది. ముంగిస ప్లీడరు పిల్లలకు మాత్రం ఏమీ దక్కలేదు. రద్దు సంగతి తమకు అందలేదని పాములు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాయి.

నీతి: భార్యను అడగడం నామోషీ అనుకునేవాడు తీర్మానాన్నే పెళ్లాడాలి, అది ఎన్నడూ కాదనదు.