వెనుకబాటుకు అడ్డొచ్చిన బావి

ప్రాంతీయాభివృద్ధికి సూత్రాలు కనిపెట్టే నిమిత్తం ఆత్మకూరులో ఒక సంఘం వెలసిన సంగతి పాఠక మహాశయులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. మొదటి పంచవర్ష ప్రణాళిక జోరుగా సాగుతున్న రోజులవి. సంఘంవారు వేసవిని లెక్కచేయక, వట్టివేళ్ల తడికెల చాటున కూర్చుని, మజ్జిగ మీద మజ్జిగ తాగి ఒక మహత్తర సూత్రం తేల్చారు: అన్నిటికన్నా వెనుకబడిన ఊరికే అన్నిటికన్నా ముందు సాయం. వినడానికి న్యాయంగానే ఉంది.

ఉదయగిరి కొండ దిగువనున్న ముళ్లగుంట ఈ పోటీ కోసమే పుట్టినట్టుండేది. బడి లేదు, బాట లేదు, గుక్కెడు నీళ్లు లేవు. గ్రామ మునసబు జనార్దనయ్య రొమ్ము విరుచుకుని తిరుగుతున్నాడు. అంతలో గొర్రెలు మేపుకునే సిద్ధయ్య ఊరి పరువు తీశాడు. గొర్రెలు దప్పికతో కళ్లముందే కూలబడుతుంటే చూడలేక, తన చేలో బావి మొదలుపెట్టాడు. అతను గడ్డపార వేస్తే, భార్య వరదమ్మ మట్టి మోసింది. పోనీ, నాలుగు పోట్లు పొడిచి మానేశాడా? నీళ్లు పడేదాకా తవ్వాడు. పైగా అవి తియ్యటి నీళ్లు.

జనార్దనయ్య రొప్పుతూ వచ్చాడు. "ఏందిరా సిద్ధయ్యా, ఊరి నోట్లో మట్టి కొట్టినావే! నీళ్లుండే ఊరికి సాయం ఎవుడిస్తాడ్రా?"

"గొర్రెలు చస్తా ఉండాయి గదయ్యా."

"చావనీరా. ఎన్ని చస్తే మనకంత మేలు."

తనిఖీకి వచ్చిన సంఘాధ్యక్షులవారు బావిలోకి తొంగిచూసి ఎంతో నొచ్చుకున్నారు. జనాన్ని పోగుచేసి గంభీరంగా సెలవిచ్చారు: "సోదర మహాజనులారా! వ్యక్తి స్వార్థం ప్రాంతీయ ప్రణాళికకు గొడ్డలిపెట్టు. ఒకడు తొందరపడి తనంతట తాను బాగుపడితే, అతణ్ణి ప్రభుత్వం బాగుచేయడం ఎలా? ఈ లోపాన్ని మీరే స్వచ్ఛందంగా, శ్రమదానంతో సవరించుకోవాలి. పిమ్మట ఊరందరికీ పెద్ద బావి మేము తవ్విస్తాం!" ఇంత చెప్పి అలసిపోయి, ఆ బావి నీళ్లే రెండు చెంబులు తాగారు.

శ్రమదానమంటే ఏనాడూ కాలు కదపని ఊరు ఆనాడు ముసలీముతకాతో సహా పార పట్టింది. పొద్దుగూకకముందే బావి నేలమట్టమైంది. సిద్ధయ్య అక్కడే నిలబడి ఏడ్చాడు. ఆ కన్నీళ్లను సంఘంవారు ప్రజల ఆనందం కింద జమకట్టారు.

ఎండలు ముదిరాక ఫలితాలు ప్రకటించారు. ముళ్లగుంట రెండో స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. పొరుగూరివాళ్లు రెండు బావులు పూడ్చుకున్నారట! పెద్ద బావి వాళ్లకే దక్కింది. అప్పటికి సిద్ధయ్య మందలో సగం చచ్చాయి. మిగిలినవి లేవలేక పడి ఉన్నాయి. బిడ్డల్లా సాకిన జీవాలు. ఆ దుఃఖం ఇంతని చెప్పలేం.

ఆ సాయంత్రం ఊరంతా అతని గుడిసె ముందుకు వచ్చింది. పరామర్శకు వచ్చారనుకుని వరదమ్మ చాప పరిచింది. జనార్దనయ్య కూర్చోలేదు.

"ఒక్కటి తవ్వి చేతులు దులుపుకున్నావు గదరా, సోమరిపోతా! నీ మూలంగా ఊరు ఓడిపోయింది. వచ్చే ఏటికన్నా మూడు తవ్వు. పూడ్చే పని ఊరు చూసుకుంటాది."