సాగదీతకు ఏడు ముద్రలు

లోకంలో ఏ కణమైనా చోటు చూసుకుని రెండవుతుంది. మా కోబే పరిశోధనాలయంలో మాత్రం ఫారం చూసుకుని రెండవుతుంది.

సంగతేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న చర్మకణాలకు మహా మొహమాటం. చుట్టూ కిక్కిరిస్తే చీలడం మానేసి ముడుచుకు కూర్చుంటాయి. వాటి కింద పరిచిన రబ్బరు పొరను కాస్త సాగదీస్తే చాలు, అమ్మయ్య అనుకుని గుండ్రంగా ఉబ్బి, పక్కవాటిని నెట్టి, లాగినవైపుకే చీలిపోతాయి. క్యాన్సర్ కణాలకు ఆ సిగ్గూ ఎగ్గూ లేదు. ఇరుకైతే ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి మరీ చీలుతాయి.

సాగదీసే యంత్రం మీట నొక్కాలంటే సాగదీత అనుమతుల విభాగం ఫారం మీద ఏడుగురి పేరు ముద్రలు పడాలి; జపాన్‌లో సంతకానికి బదులు ఇవే. (మీట ఒకటే.) మా పరిశోధక విద్యార్థిని చిహాయ శుక్రవారంలోగా కణాలు చీలినట్టు పరీక్షకులకు చూపించకపోతే డాక్టరేట్ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. పాపం, సోమవారమే ఫారం పట్టుకెళ్లింది.

విభాగాధికారి హమురో గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఏమ్మా, నీ ముద్ర అలా నిటారుగా నిలబడిందేం?"

"ముద్రంటే అలాగే కదండీ ఉంటుంది."

"ఎడంపక్కన పెద్దవాళ్ల ముద్రలున్నాయి. నీది అటు వంగి నమస్కారం పెట్టొద్దూ? ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

మా దగ్గర మనిషి వంగితే సరిపోదు, ముద్ర కూడా వంగాలి. మంగళవారం చిహాయ బాగా వంచి కొట్టుకొచ్చింది.

"మరీ ఇంతా? వెక్కిరిస్తున్నావా?" అన్నారాయన.

బుధవారం కోణమానిని పెట్టి కొలిచి కొట్టింది. దాంతో హమురో గారికి అనుమానమొచ్చి, వంపుల పరిశీలనకు ఉపసంఘం వేశారు. సభ్యులకు గది చాలక సంఘాన్ని రెండుగా చీల్చారు. (ఎవరూ సాగదీయకుండానే.) గురువారానికి నాలుగయ్యాయి. నడవాలో కాలు పెట్టే సందు లేదు, టీ కప్పులు మెట్లమీదికొచ్చాయి.

ఈలోగా పళ్లెంలో ఆరోగ్యకణాలు చోటు లేక పూర్తిగా ఆగిపోయాయి.

"చూడు, వాటికున్న క్రమశిక్షణ నీకుంటేనా!" అన్నారు హమురో గారు. చిహాయకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"పోనీ, పోల్చడానికి పెంచిన క్యాన్సర్ కణాలున్నాయి. వాటికి ఏ ఫారమండీ?"

ఆయన నిబంధనల పుస్తకం మొత్తం తిరగేశారు. "వాటిని సాగదీయక్కర్లేదుగా. ఇంక అనుమతి దేనికమ్మా? వాటి పని అవి చూసుకుంటాయి."

శుక్రవారం చిహాయ ఆ క్యాన్సర్ కణాల పళ్లెమే చూపించి గట్టెక్కింది. ఆ వారం మా భవనంలో గడువులోగా పని ముగించింది క్యాన్సర్ ఒక్కటే.