ఎర్ర కారు కింద తెల్ల కాగితం

ఆ పొద్దున మెకానిక్ జానీ తన భార్య కృపకు అప్పజెప్పిన పని ఒక్కటే. షెడ్డులో ఎర్ర కారు కింద పరిచిన తెల్ల కాగితాన్ని చూస్తూ కూర్చోవడం.

"మొయినాబాద్ల ఒక ఆటో ఆగిపోయిందట, పోయి వస్త," అన్నాడు జానీ బండి స్టార్ట్ చేస్తూ. "సార్ సాయంత్రం వస్తడు. అప్పటిదాక కాగితం మీద చుక్క పడలేదనుకో, మనం గెల్చినట్టే."

"పడ్తే?"

"పొద్దుగాల్నే జర మంచి మాట మాట్లాడు కృపా."

పడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మొయినాబాద్ దగ్గరి పల్లె హిమాయత్‌నగర్‌లో వాళ్ల ఇంటి ముందరి షెడ్డుకు ట్రాక్టర్లు, ఆటోలు తప్ప ఏవీ రావు. ఈ మధ్య అవీ తగ్గాయి. పట్నంలో ఒక గ్యారేజీవాళ్లు జానీని పనిలోకి రమ్మంటున్నారు. అదే జరిగితే రెండేళ్ల జ్యోతిని చంకనేసుకుని, ఎక్కడో మూడో అంతస్తు కిరాయి గదికి పోవాలి. ఆ మెట్ల మీది నుంచి బిడ్డ దొర్లినట్టు కృపకు ఇప్పటికే కలలు వస్తున్నాయి.

ఆదివారం పొద్దున చేవెళ్ల రోడ్డు మీద రయ్యిమని పోయే కార్లలో ఈ ఎర్ర కారు ఒకటి. దీని యజమాని సుధాకర్‌కు మోకిలలో తోట ఉంది. "ఈ లీకు ఆపు, మా దోస్తుల బండ్లన్ని నీ తానికే పంపిస్త," అన్నాడాయన. లీకు చిన్నదే. ఇంజిను అడుగున నూనె నిలిచే పళ్లెం ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ఛాంబర్ అంటారు. దాని అంచున ప్యాకింగ్ పాతబడి నూనె చుక్కలు చుక్కలుగా కారుతోంది. జానీ నిన్న ఛాంబర్ విప్పి, కడిగి, ఆరబెట్టి, కొత్త ప్యాకింగ్ వేసి బిగించాడు. పొద్దున కొత్త నూనె పోసి, పాత క్యాలెండర్ కాగితం తిరగేసి కింద పరిచాడు.

కృప పొయ్యి మీది పాలను చూసినట్టు ఆ కాగితాన్ని చూస్తూ కూర్చుంది. చూడగా చూడగా బాపు జీపు కళ్ల ముందుకొచ్చింది.

బాపు అంజిలయ్య జీపు ఆలూరు నుంచి మొయినాబాద్ దాకా తిరిగేది. లోపల బంతిపూల గంపలు, గంపల మీద మనుషులు, మనుషుల మీద పిల్లలు. జీపు ఇంటికి రాగానే దాని కింద డాల్డా డబ్బా పెట్టడం కృప పని. తెల్లారేసరికి డబ్బాలో మూడు వేళ్ల ఎత్తు నూనె. "రిపేరు చేపియ్యరాదు బాపూ?" అంటే, "కార్తున్నదంటే లోపల ఇంక ఉన్నట్టే గద బిడ్డా. కారుడు ఆగితెనే ఫికర్," అనేవాడు. తొమ్మిదిలో బడి మానిపించిన ఏడాదంతా ఆమె ఆ జీపు ముందు సీట్లోనే గడిపింది. ఇప్పుడు బాపు లేడు, జీపు లేదు. ఆ రోడ్డు కూడా అప్పటి రోడ్డులా లేదు.

"దేవా! నా తండ్రీ!" అన్న కేకతో ఉలిక్కిపడింది.

ఆలూరులో చెల్లెలింటికి పోయిన అత్త సరోజమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. పక్కన, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్దయిన విజయరాణి.

"నా కొడుకు కారు కొంటే షేర్ ఆటోల ఎవరో చెప్తె తెలవాల్నా నాకు?"

"మనది కాదు అత్తమ్మా. రిపేరుకు వచ్చింది."

"గింత తళతళ మెరిసేదానికి రిపేరేంది?"

"నలుగురి కండ్లు పడ్తయని దాస్తున్నది పెద్దమ్మా," అంది విజయరాణి. "మా తమ్ముడు మోకిలల ప్లాటు కొని, ఏడాది దాక ఎవరిదో కావలి కాస్తున్న అని చెప్పలేదా?"

"నిజంగ మాది కాదక్కా!"

"అగో, మా తమ్ముడు గూడ గిట్లనే ఒట్టేసిండు."

కృప కాదన్న కొద్దీ కారు వాళ్లదయిపోయింది. కాసేపట్లో స్త్రీల సమాజం పాట పాడుకుంటూ వచ్చింది. పాస్టరు శాంతయ్య తెల్ల చొక్కాలో వచ్చాడు. ఎవరో బంతిపూల దండ కారు ముందర వేశారు. అప్పుడైనా కృప గట్టిగా అరవాల్సింది. కానీ బాపు పాత జీపు కొన్ననాడు కూడా ఇట్లాగే ఊరంతా వచ్చి పాడింది. బాపు తనను ఎత్తి బానెట్ మీద కూర్చోబెట్టాడు. ఆ రోజు ఆయన మొహం కృపకు గుర్తుకొచ్చింది. అరవాల్సిన చోట "ఆమేన్" అంది.

పాస్టరు అభిషేకానికి ఒలీవ నూనె సీసా తీశాడు. మూత రాలేదు. "ఇటియ్యుండ్రి అయ్యగారూ," అని విజయరాణి అందుకుంది. పిండి పిసికే చెయ్యి అది. మూతా వచ్చింది, సీసా కూడా బోర్లా పడింది. నూనె మొత్తం బానెట్ మీద గాలి కోసం పెట్టిన సందుల్లోంచి గుటగుటా లోపలికి పోయింది.

పాస్టరు ఖాళీ సీసా వంక చూశాడు. "అభిషేకం సంపూర్ణంగ జరిగింది," అన్నాడు.

సరోజమ్మ బానెట్‌ను కొంగుతో తుడిచి, "ఎవరు తినకుంట పోవద్దు," అంటూ బగార అన్నం పెట్టడానికి పెరట్లోకి పరుగెత్తింది.

కాసేపటికి కృప వంగి చూసింది. జానీకి ఫోన్ చేసింది.

"పడ్డయి."

"ఎన్ని?"

"ఎంచేటట్టు లెవ్వు."

జానీ ఆటోను అక్కడే వదిలేసి వచ్చాడు. దండ ఏమిటని కూడా అడగలేదు. "ప్యాకింగ్ కూసోలే," అని కారును జాకీ మీద లేపి, నూనె వంపి, ఛాంబర్ విప్పడం మొదలుపెట్టాడు.

"కొన్ననాడే విప్పుతున్నడేంది?" అంది ఒకామె.

"మెకానిక్ గద, చేతులు ఊకుంటయా?" అంది విజయరాణి.

కృప పాడైన కాగితాన్ని మడిచి పారేయబోయి ఆగింది. ఇది ఇంజిన్ ఆయిల్ వాసన కాదు. జ్యోతికి జ్వరమొచ్చినప్పుడల్లా పాస్టరు ప్రార్థన చేసి పోయాక బిడ్డ నొసటి మీద ఉండే వాసన.

కారు కిందికి వంగి సంగతంతా చెప్పింది.

"మరి నేనెందుకు విప్పిన?" అన్నాడు జానీ లోపలి నుంచి.

"పడ్డయి అన్న. విప్పమన్ననా?"

సాయంత్రానికి రావాల్సిన సుధాకర్ అప్పుడే వచ్చి, డ్రైవరు తెచ్చిన వేరే కారులోంచి దిగాడు. ఆయన గేటు దాటకముందే సరోజమ్మ చేతిలో పళ్లెం పెట్టింది.

"రా బిడ్డా, ఫస్టు తిను."

"ఏం ఫంక్షన్ అమ్మా?"

"మా జానీ కారు కొన్నడు."

"అవునా! మంచిగయ్యింది. ఏ కారు?"

"అగో, గదే."

సుధాకర్ చూశాడు. తన కారు మెడలో దండతో, కడుపు తెరుచుకుని జాకీ మీద ఉంది.

"ఎప్పుడు కొన్నడు?"

"నిన్న. నాకు గూడ ఇయ్యాల్నే తెలిసింది."

"నాకు గూడ," అన్నాడు సుధాకర్.

సరోజమ్మ ఇంకో పళ్లెం కోసం వెళ్లిపోయింది. అదే సమయానికి జానీ కారు కింది నుంచి బయటికి వచ్చాడు. ఛాంబర్‌లో నూనె చిందకుండా ఉండే అడ్డురేకు కింది నుంచి తీసిన నల్లటిదేదో అరచేతిలో ఉంది. నూనెలో నానినా కృప దాన్ని గుర్తుపట్టింది. జ్యోతి సాక్సు. నిన్న ఛాంబర్ ఆరుతున్నప్పుడు బిడ్డ పక్కనే ఆడుకుంది.

జానీ పిడికిలి మెల్లగా మూసుకుంటోంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కృపకు మూడంతస్తుల మెట్లు కనబడ్డాయి. అయినా నోరు ఆగలేదు.

"సార్, అది మా బిడ్డ సాక్సు. ఛాంబర్ల పడ్డది. మేం చూసుకోలే." ఆ తర్వాత నూనె, దండ, ప్రార్థన, ఆటో, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"అది లోపల్నే ఉంటే?" అన్నాడు సుధాకర్.

"నూనె పోయే తొవ్వ మూసుకుంటుండె సార్," అన్నాడు జానీ తలవంచుకుని. "చేవెళ్ల దాటకముందే ఇంజిన్ ఖతం."

"అంటే, ఆ సీసా వంపకపోతే మీరు మళ్ల విప్పకపోతుండె."

"దేవుని కార్యం," అన్నాడు పాస్టరు మెల్లగా. విజయరాణి తన చేతిని ఒకసారి గర్వంగా చూసుకుంది.

సుధాకర్ స్టూలు మీద కూర్చుని రెండు ముద్దలు తిన్నాడు. "ఎన్ని గ్యారేజీలు తిరిగిననో. అందరు ఓకే సార్, ఓకే సార్ అన్నోళ్లే. తప్పు చేతుల వట్టుకొని చూపిచ్చినోళ్లు మీరే. దోస్తుల బండ్లు పంపిస్త జానీ. కాని ఛాంబర్ బిగించే ముందు ప్రతిసారి బిడ్డ కాళ్లు చూసుకో."

పట్నం గ్యారేజీకి రానని చెప్పడానికి జానీ ఫోన్ తీసేసరికి, కృప బిడ్డను ఎత్తుకుని గోడ వైపు తిరిగి ఏడుస్తోంది.

మరునాడు కొత్త కాగితం పరిచినప్పటిలాగే తెల్లగా ఉంది. సరోజమ్మకు అసలు సంగతి చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. సుధాకర్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చేవెళ్ల రోడ్డు దాకా తిప్పి తెచ్చాడు. అందులో ఉన్నవే రెండు సీట్లు. బాపు జీపులో ఆ మాత్రం జాగాలో ఏడుగురు, వాళ్ల గంపలు పట్టేవని కృప అనుకుంది.

కారు వచ్చి ఆగింది. సరోజమ్మను బయటికి లాగడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. ఆమె నడుము పట్టుకుని, కారును పైనుంచి కిందికి చూసి, కొడుకును పిలిచింది.

"నేల మీద కూసున్నట్టే ఉన్నది, అమ్మెయ్."