దెయ్యాల బురుజు మీద ఒక మాట

ఆ ఆదివారం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాకెత్తుకోవడం, చిత్తూరు బస్సెక్కి చంద్రగిరి దాటాక కొత్తగా తెరిచిన పార్కు దగ్గర దిగడం, మహితను రెండు మూడు ఆటలు ఆడించుకుని చీకటి పడకముందే తిరుపతి చేరడం. కొడుకు మోహన్‌కృష్ణకు రేణిగుంట ఫ్యాక్టరీలో ఆదివారం కూడా షిఫ్టు పడింది కాబట్టి వెళ్ళేది ముగ్గురే. కోడలు ప్రసన్నకుమారి, ఎనిమిదో తరగతి చదివే మనవరాలు మహిత, వాళ్ళకు తోడుగా మోహన్‌కృష్ణ తల్లి జ్ఞానాంబ.

ఆ ఇంట్లో ఏ ప్రయాణమైనా గడప దగ్గర ఒకసారి ఆగుతుంది. ఆ పొద్దు కూడా ఆగింది. మోహన్‌కృష్ణ బూట్లు తొడుక్కుంటూ, "అమా, పోతాండా," అన్నాడు.

"ఏమన్నావు?" అంది జ్ఞానాంబ.

"అబ్బా, కంపెనీ బస్సొచ్చేసిందిమా!"

"బస్సుకేం, అది రోజూ వస్తాది. లోపలికి రా. కూసో. నీళ్ళు తాగు."

నలభై దాటిన కొడుకు లోపలికొచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, "పోయొస్తా," అని స్పష్టంగా చెప్పి, అప్పుడు పరుగెత్తాడు.

జ్ఞానాంబ చాదస్తానికి కారణం లేకపోలేదు. ఆమె భర్త మునిరత్నం లారీ ఆఫీసులో గుమాస్తా. ఒకనాడు పని మీద నాయుడుపేటకు బయల్దేరుతూ, రైలు తప్పిపోతుందన్న తొందరలో, "పోతాండా, తలుపేసుకో," అన్నాడు. ఆమె వంటింట్లోంచి వచ్చేసరికి వీధి మలుపు తిరిగేశాడు. నాయుడుపేట స్టేషనులో గుండె ఆగిపోయింది. తాను సరుకు లెక్క రాసే లారీలోనే ఇంటికి తిరిగొచ్చాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఎవరూ 'పోతా' అనకూడదు. సందు చివర కొట్టుకు కొత్తిమీర కోసం వెళ్ళినా సరే, పోయొస్తా అనాలి. ఆ మాట అన్నవాళ్ళు వచ్చి తీరుతారని జ్ఞానాంబ నమ్మకం. అందరూ వస్తూనే ఉన్నారు కాబట్టి, ఆ నమ్మకాన్ని కదిలించడం ఎవరి తరమూ కాలేదు.

పార్కులో అడుగుపెట్టగానే ఆమెకు కనిపించింది దెయ్యాల బురుజు. నల్లరంగు పూసిన ఇనుప స్తంభం కొబ్బరిచెట్లను దాటి ఆకాశంలోకి పోయింది. కొసన నోరు తెరిచిన పుర్రె, దాని కళ్ళలో ఎర్ర దీపాలు. స్తంభం చుట్టూ కుర్చీలు. మనుషుల్ని వాటిలో బిగించి నెమ్మదిగా పైకి తీసుకుపోవడం, పుర్రె నోటి దగ్గర కాసేపు నిలబెట్టడం, ఆ తర్వాత ఉన్నట్టుండి వదిలెయ్యడం. అదీ ఆట. మైకులోంచి ఒక ఆడగొంతు ఆగకుండా నవ్వుతోంది.

"దీన్ని దుడ్లిచ్చి మరీ ఎక్కుతారా?" అంది జ్ఞానాంబ.

"దీనికోసమే వచ్చింది గదవ్వా!" అంది మహిత. "మా క్లాసులో అందరూ ఎక్కేసినారు, నేనొక్కదాన్నే మిగిలుండేది."

ప్రసన్నకుమారి టిక్కెట్టు కొనిచ్చి, బజ్జీలు తెస్తానని అంగడి వైపు వెళ్ళింది. మహిత గేటు దాటి, వెనక్కి తిరిగి, చెయ్యూపి కేక పెట్టింది. "అవ్వా, నేను పోతాండా!"

గేటు మూసుకుంది.

జ్ఞానాంబ, "మ్మే మహితా! వెనక్కి రామే! ఆ మాట అనబాకమే!" అని అరిచింది. మైకులో ఆడగొంతు పకపకా నవ్వింది. మహిత చీకటి దారిలోకి మాయమైపోయింది.

గేటు దగ్గర గోవిందస్వామి అనే కాపలాదారు ఉన్నాడు. జ్ఞానాంబ వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది. "అప్పా, నీకు పుణ్యముంటాది. నా మనవరాలు పోతా అనేసిందప్పా!"

"యాడికవ్వా?"

"పైకప్పా, పైకి!" అంటూ ఆకాశంలోకి వేలు చూపించింది. "పోతాండా అని చెయ్యూపి మరీ చెప్పింది. నేను పోయి ఒక్క మాట చెప్పించుకోవాల. నన్నిడువు!"

గోవిందస్వామి మొహం పాలిపోయింది. అతనికి అర్థమైంది వేరు. "ఏందవ్వా, ఇంట్లో ఏమన్నా అన్నారా? పరీక్ష తప్పిందా?"

"అదంతా ఎందుకప్పా, బిడ్డ పోతాంటే!"

"బిరిన పోండవ్వా, పోయి నచ్చజెప్పండి! నేను మెషినోడికి చెప్తా!" అని గేటు తెరిచాడు.

లోపల దారి సన్నగా, రెండు వైపులా ఇనుప కడ్డీలతో ఉంది. పైనుంచి అస్థిపంజరాలు వేలాడుతున్నాయి. బూజులా కట్టిన దారాలు మొహానికి తగిలాయి. ఏదో చల్లటి చెయ్యి ఆమె మెడను తాకింది. జ్ఞానాంబ, "గోవిందా!" అని గట్టిగా అరిచింది.

తిరుపతి చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్ళను ఇనుప కడ్డీల మధ్య నిలబెట్టి ఆ పేరు పలికితే ఇంకేం కావాలి? వరుసలో ఉన్న జనమంతా అలవాటుగా, "గోవిందా, గోవింద!" అని బదులిచ్చి ఒక్క తోపు తోశారు. జ్ఞానాంబ కాళ్ళు నేలమీద ఆనాయో లేదో ఆమెకే తెలియదు. కళ్ళు తెరిచేసరికి కుర్చీలో కూర్చుని ఉంది. పక్క కుర్చీలో మహిత.

"అవ్వా! నువ్వెట్టొచ్చినావు ఈడికి?"

"అది మళ్ళ చెప్తా. ముందు పోయొస్తా అని చెప్పుమే!"

ఇంతలో మీసాలు కూడా రాని ఉద్యోగి ఒకడు వచ్చి, ఆమె భుజాల మీదికి ఇనుప కమ్మీ దించి, ఖణేల్మని బిగించాడు.

"నాయనా, నేను ఎక్కేదానికి రాలేదప్పా! మాట చెప్పించుకోని పోయేదానికి వచ్చినా!"

"ఈడికొచ్చినాక అందరూ ఇట్టే అంటారవ్వా. కండ్లు మూసుకో, ఏం కాదు," అని వాడు తర్వాతి కుర్చీకి వెళ్ళిపోయాడు.

నేల కిందికి పోయింది. జ్ఞానాంబ చెప్పులు ఒకదాని తర్వాత ఒకటి జారిపోయాయి. గొలుసులు కిర్రుమన్నాయి. పార్కు చాపంత అయింది, తర్వాత చేటంత అయింది. దూరంగా కొండలు, వాటి మీద మబ్బులు. ఇంత ఎత్తునుంచి ఆమె ఎప్పుడూ ఏదీ చూడలేదు, చూడాలని కోరుకోనూ లేదు. ఒళ్ళంతా చెమట పట్టి, ఆ చెమట మీదే చలి పుట్టింది.

సరిగ్గా అప్పుడే గోవిందస్వామి, మెషిను గదిలో ఉన్న సుబ్రమణ్యం దగ్గరికి పరుగెత్తుకుంటూ చేరాడు. "అన్నా, ఎవురో పాప పోతానని చెప్పిందంట!" మైకు నవ్వులో సుబ్రమణ్యానికి వినిపించింది, 'ఎవురో పాప పోయిందంట' అని. అతను చేతికందిన ఎర్రమీట నొక్కేశాడు. బురుజు ఆగింది. నవ్వూ ఆగింది. జనం తలలెత్తి చూడటం గమనించి, వాళ్ళకు ధైర్యం చెబుదామని మైకు అందుకున్నాడు. "ఎవురూ భయపడబాకండి. బురుజు మీద ఎవురో పోయినారని చెప్పేదంతా అబద్ధం."

అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఇప్పుడు పార్కంతా తెలిసింది. బజ్జీల అంగడి దగ్గర ప్రసన్నకుమారికి చివరి మాట తప్ప అన్నీ వినిపించాయి. పొట్లం అక్కడే వదిలేసి, "నా బిడ్డా! అత్తా!" అని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది.

పైన నిశ్శబ్దం. ఆ పాడు నవ్వు ఉన్నప్పుడే నయమనిపించింది జ్ఞానాంబకు. గాలికి ముడి ఊడి తెల్లజుట్టంతా ఎగురుతోంది. కింద కొందరు పిల్లలు, కొత్త దెయ్యాన్ని భలే పెట్టారని చప్పట్లు కొట్టారట. పుర్రె పళ్ళు తల వెనకే ఉన్నాయి. పాదాల కింద ఏమీ లేదు.

"అవ్వా," అంది మహిత. ఆ గొంతులో పొద్దుటి పొగరు లేదు. "ఎందుకు నిలబడిపోయిందవ్వా? భయమేస్తా ఉండాది."

"నా చెయ్యి పట్టుకో తల్లీ. ఆ ఒక్క మాట చెప్పేయ్. మనకేం కాదు."

"పోయొస్తా! పోయొస్తా అవ్వా! వంద సార్లు పోయొస్తా!"

జ్ఞానాంబకు ఊపిరి ఆడింది. మరుక్షణమే మళ్ళీ ఆగింది. మనవరాలు సరే, తన సంగతేమిటి? కోడలికి ఒక్క మాటైనా చెప్పకుండా గేటు దాటి వచ్చేసింది. ఇంట్లో అందరినీ గడప దగ్గర నిలబెట్టి నీళ్ళు తాగించిన మనిషి, తాను మాత్రం చెప్పాపెట్టకుండా బయల్దేరింది! మునిరత్నం అయినా ఏదో ఒక మాట చెప్పి వెళ్ళాడు. ఆమె ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని కిందికి అరిచింది. "ప్రసన్నా! నేను పోయ్..."

కింద సుబ్రమణ్యం ఇంకో మీట నొక్కాడు.

కడుపు పైనే ఉండిపోయి, మనిషి మాత్రం రాయిలా కిందికి వచ్చింది. "ఒస్తా!" అన్న మిగతా సగం దారి పొడుగునా చెల్లాచెదురైపోయింది. నేల మీద ప్రసన్నకుమారికి అందింది మొదటి సగమే. అత్త పోతూ తన పేరే తలుచుకుందని ఆమె అక్కడే కూలబడింది.

కుర్చీలు ఆగాయి. కమ్మీలు లేచాయి. జ్ఞానాంబ తన చేతులు, మనవరాలి చేతులు తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. ప్రసన్నకుమారి వచ్చి, ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో ఏనాడూ లేనంతగా అత్తను వాటేసుకుని ఏడ్చింది. "నువ్వు పొయ్యినావనుకున్నాను అత్తా!"

"పోలేదు లేమ్మా, పోయొచ్చినా," అంది జ్ఞానాంబ నీరసంగా.

కాళ్ళు నేలకు ఆనగానే మహితకు పొగరు తిరిగొచ్చింది. "అవ్వా, పోయొస్తా అంటే ఏంది?"

"పోయి, మళ్ళీ వస్తానని. అన్నాక వచ్చి తీరాల."

"మరి మనం ఆ మాట యాడుండి చెప్పినాం?"

జ్ఞానాంబ మెల్లగా తలెత్తి చూసింది. పుర్రె ఎర్రకళ్ళతో ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"పైనుండి చెప్పినాం గదవ్వా? అంటే ఇప్పుడు మళ్ళీ ఆడికే రావాల మనం."

"నోరు ముయ్యిమే," అని ప్రసన్నకుమారి కసిరింది. కానీ జ్ఞానాంబ ఇన్నేళ్ళుగా ఆ మాటను నమ్ముకుని బతికింది. ఇష్టమొచ్చినప్పుడు పనిచేస్తుంది, లేనప్పుడు చెయ్యదు అనడానికి వీల్లేదు. పైన, ఆ గాలిలో, ఇద్దరూ మాట ఇచ్చేశారు.

జుట్టు ముడివేసుకుంది. ఉత్త కాళ్ళతోనే బురుజు ముందుకు నడిచింది. పుర్రెకేసి రెండు చేతులూ జోడించింది. మునిరత్నం వీధి మలుపు తిరిగిన నాటినుంచీ తన నోట రానివ్వని మాటను, ఏ అక్షరమూ గాలికి పోకుండా, ఒత్తి పలికింది.

"నాయనా, మేం పోతాండాం."

గేటు దగ్గర గోవిందస్వామి, వెళ్ళేవాళ్ళందరికీ చెప్పినట్టే, "మళ్ళీ రండవ్వా," అన్నాడు.